పెట్రోలు ఎంతవరకు వచ్చింది?

రేపల్లె వైపు శివారు భూములున్న రైతు, చేలోకి నీళ్లు రాకపోతే ముందు గట్టెక్కుతాడు. తన బోదె దగ్గర మొదలుపెట్టి కాలువ వెంట పైకి నడుస్తాడు. ఇక్కడ నీళ్లు లేవు. ఆ పై మలుపులో? అక్కడా లేవు. దాని పై తూము దగ్గర? ఉన్నాయి. అంటే అడ్డు ఆ తూముకీ ఈ మలుపుకీ మధ్యే ఉంది. గుర్రపుడెక్క పేరుకుందో, ఎవరైనా అడ్డుకట్ట వేశారో, గట్టు తెగి నీళ్లు మురుగు కాలువలోకి పోతున్నాయో, ఆ కాస్త దూరం వెతికితే తేలిపోతుంది. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టిన నాటి నుంచి పశ్చిమ డెల్టా రైతులు తరతరాలుగా నేర్చుకున్న చదువు ఇది.

ఆ రైతు కొడుకు ముచ్చటపడి పాత మిలటరీ జీపు కొన్నాడనుకోండి. బండి దారిలో ఆగిందంటే చాలు, ఇంటిల్లిపాదికీ తెలిసిన ఆ విద్య గాలికి పోతుంది. ‘పంపు పోయుంటుంది’ అని కొత్త పంపు వేయిస్తాడు. వారం తిరక్కుండా మళ్లీ ఆగుతుంది. కార్బురేటర్ విప్పించి కడిగిస్తాడు. మళ్లీ ఆగుతుంది. కాయిలు, కండెన్సరు, ప్లగ్గులు వరసగా మారతాయి. మూడు నెలలు తిరిగేసరికి బండిలో సగం సామాను కొత్తది, రోగం మాత్రం పాతదే.

పాత సైనిక వాహనంలో ఇంజనుకు ఇంధనం అందకపోతే అడ్డు ఎక్కడుందో ఎలా పట్టుకోవాలన్నదే ఈ అధ్యాయం విషయం. స్పానరు అందుకునే ముందు ఏ ప్రశ్న వేసుకోవాలో తెలిస్తే సగం పని అయినట్టే.

సీటు కింద ట్యాంకు

జీపు అనగానే మొదట గుర్తొచ్చేది విల్లీస్. 1941 నుంచి 1945 వరకు విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిసి ఈ బళ్లను ఆరు లక్షలకు పైగా తయారుచేశాయి. 2.2 లీటర్ల ఇంజను, 60 హార్స్ పవర్. సుమారు 57 లీటర్ల ట్యాంకు సరిగ్గా డ్రైవరు సీటు కిందే ఉంటుంది. పెట్రోలు పోయించాలంటే డ్రైవరు కిందికి దిగి సీటు పైకెత్తాల్సిందే. 1940ల చివర్లో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను బొంబాయిలో జతకూర్చడం మొదలుపెట్టాక, ఈ బండి మన పల్లెలకూ సొంతమైంది.

మన సైన్యం సొంత ముద్రతో వచ్చింది జోంగా. జపాన్ నిస్సాన్ వారి పాట్రోల్ నమూనా తీసుకుని 1969 నుంచి మూడు దశాబ్దాల పాటు జబల్‌పూర్‌లో తయారుచేశారు. జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్‌క్యారేజ్ అసెంబ్లీ అన్న మాటల్లోని అక్షరాలే దాని పేరు. ఆరు సిలిండర్లు, దాదాపు నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజను. సైన్యం పక్కనపెట్టాక ఇలాంటి బళ్లు వేలంలో బయటికొస్తాయి. కొన్నవాళ్లు ముందుగా మార్చాల్సింది రంగు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది ప్రకారం రక్షణ శాఖ వాహనాలకు తప్ప మరే బండికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదు.

ఏ పాత పెట్రోలు బండి తీసుకున్నా ఇంధనం నడిచే దారి ఒకటే. ట్యాంకు, సన్న గొట్టం, ఫిల్టరు, ఇంజను తిప్పుడుతో ఆడే పంపు, కార్బురేటర్. మధ్యలో కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు. ప్రతి మజిలీలోనూ ఊడదీసి కంటితో చూసే వీలుంది. తప్పు పట్టుకోవడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి దొరకదు.

పొన్నూరు దాటాక

ఒక ప్రయాణం ఊహించుకుందాం. మే నెల, తెనాలి నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల, అక్కడి నుంచి సూర్యలంక తీరానికి. పాత జీపులో నలుగురు. పొన్నూరు దాకా బండి బాణంలా వచ్చింది. దాటిన కాసేపటికి చిన్నగా జర్కులు మొదలయ్యాయి. యాక్సిలరేటర్ తొక్కితే ఎత్తుకోవడం లేదు. నాలుగు సార్లు తుమ్మినట్టు తుమ్మి రోడ్డు వారగా ఆగిపోయింది. తుమ్మచెట్టు నీడన పావుగంట నిలబెట్టి సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. ఐదారు కిలోమీటర్లు పోయి మళ్లీ అదే వరస.

నలుగురిలో ఒక్కొక్కరిదీ ఒక్కో తీర్పు.

“పంపు డయాఫ్రమ్ పోయింది బావా, తెనాలిలోనే మార్పించాల్సింది,” అన్నాడు బావమరిది.

“పంపు కాదు అల్లుడూ, ఈ ఎండకి పెట్రోలు ఆవిరైపోతోంది. గుడ్డ తడిపి వెయ్యి,” అన్నాడు మేనమామ.

“ట్యాంకులో తుప్పు పెచ్చులండీ,” అన్నాడు డ్రైవరు.

యజమాని తేల్చేశాడు: “కండెన్సరు. వేడెక్కితే చచ్చిపోతుంది, చల్లబడితే లేచి కూర్చుంటుంది. నాకు తెలుసు.”

నలుగురూ తెలివైనవాళ్లే. నలుగురు చెప్పిన రోగాలూ ఆ లక్షణానికి సరిపోయేవే. వేడెక్కిన కండెన్సరు అలాగే చేస్తుంది. ఆవిరి పట్టినా అలాగే చేస్తుంది. తుప్పు పెచ్చు గొట్టం మూతికి అతుక్కుని, బండి ఆగాక జారి కింద పడినా అలాగే చేస్తుంది. పంపు నీరసించినా, కార్బురేటర్‌లో మిగిలిందంతా తాగేశాక అలాగే ఆగుతుంది. ఎవరూ తలవని అయిదో కారణం కూడా ఒకటుంది. దాని సంగతి తర్వాత.

లక్షణాన్ని చూసి రోగాన్ని తేల్చడం కుదరని చోటు ఇదే. ఒకే లక్షణానికి నాలుగు కారణాలు నప్పుతున్నప్పుడు, ఆ నాలుగూ నాలుగు రకాల జవాబులిచ్చే పరీక్ష వెతకాలి. మెకానిక్కుల్లో అనుభవజ్ఞుడికీ అనుభవం లేనివాడికీ తేడా ఇక్కడే బయటపడుతుంది. రెండోవాడు ‘ఏం మార్చాలి?’ అని అడుగుతాడు. మొదటివాడు ‘ఆగినప్పుడు ఏం చూశారు?’ అని అడుగుతాడు.

అందుకే పరీక్ష బండి ఆగిన ఆ క్షణంలోనే చెయ్యాలి. ట్రాక్టరు కట్టి షెడ్డుకు లాక్కొచ్చేసరికి ఇంజను చల్లబడుతుంది, పెచ్చు జారిపోతుంది, ఆవిరి తిరిగి పెట్రోలవుతుంది. అక్కడ మెకానిక్ చేతికందేది ఆరోగ్యంగా ఉన్న బండి.

మొదటి చీలిక: నిప్పా, పెట్రోలా?

స్విచ్ ఆపినట్టు ఠక్కున ఆగితే అనుమానం కరెంటు మీదికి పోవాలి. జర్కులిస్తూ, ఓపిక తగ్గుతూ ఆగితే పెట్రోలు మీదికి. ఇది అనుమానం వరకే. రుజువుకు ఒక తేలిక దారి ఉంది. ఆగిన వెంటనే ఇంజను ఆపి ఉంచి, ఎయిర్ క్లీనర్ గొట్టం తప్పించి కార్బురేటర్ నోట్లోకి చూడాలి. చేత్తో యాక్సిలరేటర్ కడ్డీని ఒక్కసారి లాగితే లోపల సన్నటి పెట్రోలు ధార చిమ్మాలి. చిమ్మితే కార్బురేటర్ దాకా పెట్రోలు వచ్చినట్టే, ఇక కరెంటు సామాను వైపు, అంటే పాయింట్లు, కండెన్సరు, కాయిల్ వైపు తిరగవచ్చు. చిమ్మకపోతే కార్బురేటర్ గిన్నె ఖాళీ. అప్పుడు కండెన్సరు వాదం అక్కడికక్కడే వీగిపోతుంది.

పొన్నూరు రోడ్డు మీద మన జీపులో ధార రాలేదు. రెండు నిమిషాల్లో నాలుగు వాదాలు మూడయ్యాయి. ఖర్చు సున్నా.

ఇక్కడొక హెచ్చరిక. బీడీ, సిగరెట్టు ముట్టించినవాళ్లు దూరంగా నిలబడాలి. నిప్పురవ్వ పరీక్ష, పెట్రోలు పరీక్ష ఒకేసారి చేయకూడదు. గొట్టం నోటితో పీల్చి పెట్రోలు లాగడం మన షెడ్లలో మామూలే కానీ, ఆ చుక్క ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణం మీదికి వస్తుంది. పక్కన పొడి రకం మంటలార్పే సిలిండరో, కనీసం బకెట్టు ఇసుకో ఉండాలి.

సగానికి సగం

తర్వాత చేయాల్సింది దారిని మధ్యలో తుంచి చూడటం. పెట్రోలు ఒలికినా అంటుకోకుండా ఇంజను కాస్త చల్లారనిచ్చి, కాయిల్‌కు వచ్చే సన్న వైరు ఊడదీయాలి. అప్పుడు సెల్ఫ్ తిప్పినా నిప్పు పుట్టదు. కార్బురేటర్ దగ్గర పెట్రోలు గొట్టం విప్పి, దాని మూతి సీసాలో పెట్టి సెల్ఫ్ తిప్పాలి. పంపు బాగుంటే గుండె కొట్టుకున్నట్టు విడివిడిగా, బలంగా చిమ్ముతుంది. ఈ పాత పంపుల ఒత్తిడి చదరపు అంగుళానికి ఐదు పౌండ్ల లోపే, కాబట్టి ఫైరింజను ధార ఆశించకూడదు. చూడాల్సింది కొట్టుడు క్రమం, మధ్యలో బుడగలు.

బలంగా వస్తే అడ్డు కార్బురేటర్‌లోనే ఉంది. నీడిల్ వాల్వు పట్టేసిందో, దాని ముందున్న జాలీ పూడిందో చూడాలి. రాకపోతే, లేదా బుడగలతో వస్తే, అడ్డు పంపులోనో దానికి వెనకో ఉంది. అది తేల్చడానికి ట్యాంకు నుంచి వచ్చే గొట్టం పంపు దగ్గర ఊడదీసి, శుభ్రమైన చిన్న క్యానులోంచి పంపుకు పెట్రోలు అందించాలి. షెడ్డులో, బండి నిలబెట్టి మాత్రమే చేసే పని ఇది. అలా ఇస్తే ఇంజను హాయిగా ఆడిందా, పంపు, కార్బురేటర్ రెండూ నిర్దోషులు. తప్పు ట్యాంకు వైపుది. అయినా ఆగిందా, ట్యాంకు నిర్దోషి.

ప్రతి పరీక్షకూ అనుమానితుల్లో సగంమంది బయటపడుతున్నారు. బండి విడిభాగం తుక్కులోకి చేరడానికి అది అరిగి ఉండనక్కర్లేదు, యజమానికి తొందర ఉంటే చాలు.

కారని లీకు

రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తరాఫ్రికా ఎడారిలో బ్రిటిష్ సైన్యం పల్చటి రేకు డబ్బాల్లో పెట్రోలు మోసుకెళ్లింది. అతుకులు వీడి దారి పొడవునా కారిపోయేది. జర్మన్లు వాడిన 20 లీటర్ల గట్టి డబ్బాను చూసి దాన్నే అనుకరించారు. ఇప్పటికీ జీపు వెనక వేలాడే జెర్రీక్యాన్ అదే. కారే లీకు అంత నష్టం చేసినా, కనీసం కంటికి కనిపిస్తుంది, ముక్కుకు తెలుస్తుంది.

పాత జీపులో మరో రకం లీకుంది. పంపుకు ముందున్న గొట్టంలో పెట్రోలును పంపు పీల్చుకుంటుంది, ఎవరూ నెట్టరు. అక్కడ సన్నటి పగులుంటే పెట్రోలు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. కింద తడి ఉండదు, వాసన రాదు. మజ్జిగలో స్ట్రా పైన చిల్లు పడితే ఎంత పీల్చినా గాలే వచ్చినట్టు, పంపు ఉత్త గాలిని మింగుతుంది. ఎండిపోయిన రబ్బరు గొట్టం, వదులైన క్లిప్పు, గాజు గిన్నె ఫిల్టరు కింద ఎండిన వాషరు, ఈ మూడూ మొదటి ముద్దాయిలు. ‘ఎక్కడా కారడం లేదండీ’ అన్న సాక్ష్యం పంపు తర్వాతి భాగానికే చెల్లుతుంది, పంపు ముందున్న భాగానికి చెల్లదు.

గాజు గిన్నె ఉన్న ఫిల్టరు ఒక కిటికీ లాంటిది. అడుగున ఎర్రటి పొడి ఉంటే ట్యాంకు తుప్పు పడుతోంది. పెట్రోలు కింద పాదరసంలా గుండ్రంగా దొర్లే బిందువులుంటే అది నీరు. నిజాంపట్నం, సూర్యలంక లాంటి తీరాల్లో నెలల తరబడి సగం ట్యాంకుతో నిలబెట్టిన బండిలో, ఉప్పుగాలి తేమ ఖాళీ భాగం గోడలకు చెమటలా పట్టి లోపలికి దిగుతుంది.

దీనికి తోడు పెట్రోలే మారింది. 2023 ఫిబ్రవరిలో మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం మొదలైంది. 2025 నాటికి అదే మామూలు పెట్రోలయింది. ఇథనాల్ తేమను పట్టుకుంటుంది. పాత రకం రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. ఏళ్ల తరబడి ట్యాంకు గోడలకు అంటిన జిగురును కడిగి ఫిల్టరులోకి తోస్తుంది. 1960ల నాటి డయాఫ్రమ్ (రబ్బరు పొర) ఉన్న పంపుకు ఇప్పటి పెట్రోలుకు తట్టుకునే రబ్బరు కిట్టు వేయించడం నిజంగా అవసరమైన ఖర్చు.

పంపు సంగతి తేల్చడానికి ఇంకో చోటు కూడా ఉంది. ఇంజనాయిల్ డిప్‌స్టిక్. చిరిగిన డయాఫ్రమ్ గుండా పెట్రోలు ఇంజను అడుగుకు దిగుతుంది. ఆయిలు పోయకుండానే మట్టం పెరిగి, పెట్రోలు వాసన కొడితే బండి ఒక్క అడుగు కూడా కదపకూడదు. పల్చబడిన ఆయిలు బేరింగులను తినేస్తుంది, నిప్పు ప్రమాదమూ ఉంది.

ఎండ మీద నెపం

మేనమామ మాటలో నిజం లేకపోలేదు. ఈ ఇంజన్లలో మండే మ్యానిఫోల్డు పక్కనే కార్బురేటర్ ఉంటుంది. పీల్చుడు వల్ల ఒత్తిడి తగ్గిన గొట్టంలో పెట్రోలు ఇంకా తొందరగా ఆవిరవుతుంది. ఆవిరిని పంపు నెట్టలేదు. తడిగుడ్డ పంపు మీద వేసిన రెండు మూడు నిమిషాల్లో బండి స్టార్టయితే ఆ వాదానికి బలం వచ్చినట్టే. ఏమీ వేయకుండా అంతే సేపు ఆగినా స్టార్టయితే, ఆ ఘనత గుడ్డది కాదు. రెండు విధాలా చేసి చూస్తే గానీ తేలదు. ఆగిన ప్రతిసారీ గుడ్డ వేసేవాడికి గుడ్డే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది.

డీజిల్ ఇంజను ఎక్కించిన జోంగాలూ, పాత జీపులూ మన వైపు చాలానే తిరుగుతున్నాయి. వాటికి కార్బురేటర్, స్పార్క్ ప్లగ్గులు ఉండవు కానీ వెతికే పద్ధతి మారదు. అక్కడ గాలి ఇంకా పెద్ద శత్రువు. చిన్న బుడగ చేరినా నాజిల్ దాకా ఒత్తిడి అందదు. బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి చేతి పంపు కొడుతూ నురగ పోయి చిక్కటి డీజిల్ వచ్చేదాకా గాలి తీయాలి. గాలి తీశాక మర్నాటికి మళ్లీ గాలి పడితే పని అయిపోలేదు. ఎక్కడి నుంచి వస్తోందో అప్పుడు వెతకాలి.

అయిదో కారణం

పొన్నూరు రోడ్డుకు తిరిగొద్దాం. కార్బురేటర్‌లో పెట్రోలు లేదు. సీసా పరీక్షలో నాలుగు చుక్కలు పడి ఆగిపోయింది. అంతలో డ్రైవరు, పెట్రోలు అసలు ఉందో లేదో చూద్దామని సీటెత్తి ట్యాంకు మూత తిప్పాడు. సోడా మూత తీసినట్టు సుయ్‌మని చప్పుడు. మూత పెట్టకుండా సెల్ఫ్ తిప్పితే సీసాలోకి ధారలు ధారలుగా వచ్చింది.

ట్యాంకులోంచి లీటరు పెట్రోలు బయటికి పోవాలంటే లీటరు గాలి లోపలికి రావాలి. అందుకు చాలా బళ్ల మూతలో సన్న రంధ్రమో, చిన్న వాల్వో ఉంటుంది. అది దుమ్ముతో పూడినా, అసలు మూత పోయి సైజు సరిపోయిందని రంధ్రం లేని మూత బిగించినా ట్యాంకులో శూన్యం పెరుగుతుంది. పాతిక కిలోమీటర్లకు పంపు దాన్ని గెలవలేక చేతులెత్తేస్తుంది. పావుగంట ఆగితే అతుకుల సందుల్లోంచి కాస్త గాలి చొరబడుతుంది. బండి మళ్లీ లేస్తుంది.

చప్పుడు వినగానే కేసు కొట్టేయకూడదు. రుజువుకు ఇంకో మెట్టుంది. షెడ్డు ముందు బండి నిలబెట్టి, అదే మూత గట్టిగా బిగించి ఇంజను ఆడించాలి. రోగం తిరిగి రావాలి. మూత వదులు చేస్తే పోవాలి. మళ్లీ బిగిస్తే మళ్లీ రావాలి. పిలిస్తే వచ్చి, పొమ్మంటే పోయే రోగాన్నే పట్టుకున్నట్టు లెక్క. ‘పంపు మార్చాక బాగుంది’ అనే మాటలో ఈ రెండో సగం ఉండదు. పంపు మార్చేటప్పుడు పాత గొట్టం కూడా మారిందేమో, క్లిప్పు కొత్తగా బిగిసిందేమో ఎవరూ చెప్పలేరు. ఒకసారికి ఒక్కటే మార్చాలన్నది ఇందుకే.

చిట్టా రాసే అలవాటు

బండి నిర్వహణలో క్రమశిక్షణను సైనికులకు నేర్పడానికి అమెరికా సైన్యం బొమ్మల కథలను వాడుకుంది. యుద్ధకాలంలో ‘ఆర్మీ మోటార్స్’ పత్రికలో విల్ ఐస్నర్ గీసిన జో డోప్ అనే మొద్దు సైనికుడు బండిని ఎలా పాడుచేయవచ్చో చేసి చూపించేవాడు. 1951లో మొదలైన ‘పీఎస్’ మాసపత్రికకు ఐస్నర్ 1971 దాకా బొమ్మలు సమకూర్చాడు. మన వైపు చూస్తే, ‘చందమామ’ పత్రికను బి. నాగిరెడ్డితో కలిసి 1947లో తెచ్చిన చక్రపాణిది తెనాలి ఐతానగరమే. బొమ్మా కథా కలిస్తే మాట మనసులో నిలుస్తుందని ఈ ప్రాంతానికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

బండి యజమానికి బొమ్మలు అక్కర్లేదు, నలభై పేజీల నోటుపుస్తకం చాలు. ఆగిన ప్రతిసారీ ఆరు సంగతులు రాయాలి: ఎన్ని కిలోమీటర్లు నడిచాక ఆగింది, ట్యాంకులో పెట్రోలు ఎంతుంది, ఎండా చల్లదనమా, ఠక్కున ఆగిందా జర్కులిచ్చిందా, ఏ పరీక్ష చేస్తే ఏం కనిపించింది, ఎంత సేపటికి మళ్లీ కదిలింది. ఏడోది పరీక్షకు ముందే రాయాలి: తన అనుమానం దేని మీద, ఏం కనిపిస్తే ఆ అనుమానం తప్పని ఒప్పుకుంటాడు. పొన్నూరు యజమాని ‘కార్బురేటర్‌లో పెట్రోలు లేకపోతే నా కండెన్సరు వాదం తప్పు’ అని ముందే రాసుకుని ఉంటే, ధార రాని మరుక్షణం వాదన ముగిసేది. రాయనివాడు బాపట్ల చేరేదాకా కండెన్సరు గురించే మాట్లాడతాడు.

పంపు సెట్టు నీళ్లు పోయకపోయినా, ఇంట్లో కుళాయి సన్నగా వచ్చినా, ఆఫీసులో ఫైలు కదలకపోయినా ఇదే చిట్టా పనికొస్తుంది. ఎంతవరకు వచ్చింది, ఎక్కడి నుంచి రాలేదు, ఆ రెంటి మధ్య ఏముంది?

పాత జీపు ఉన్న పాఠకులు ఈ ఆదివారం ఉదయం, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, సీటెత్తి ట్యాంకు మూత చేతిలోకి తీసుకోండి. గాలి పోయే దారి ఉందో లేదో వెలుగుకు పెట్టి చూడండి. పూడి ఉంటే శుభ్రం చేయండి. లేకపోతే సరైన మూత వేయించండి. కొత్త పంపు కొనాలనుకుంటే ఆ తర్వాత ఆలోచించవచ్చు.